కుళ్ళు వంపులో వదిలేసిన చేప

ఆ చోటుని అందరూ కుళ్ళు వంపు అంటారు. సముద్రపు పోటుకి నీళ్ళు ఎక్కివచ్చే పాయలో, మడచెట్లు రెండు పక్కలా గోడల్లా లేచిన మలుపు అది. పగలు చూస్తే కొంగలు, నీడలు, ఆకుపచ్చ నీళ్ళు... అక్కడే కాపురం పెట్టేద్దామనిపిస్తుంది. పొద్దు వాలాక మాత్రం ఎవరూ గాలం వేయరు.

ముందు కంపు వస్తుందట. శవం కంపు. తర్వాత పడవ అడుగున ఎవరో తట్టినట్టు చప్పుడు... అప్పుడు పట్టిన చేపని నీళ్ళకి వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలట. ఇవ్వనివాడు తిరిగి రాలేదంటారు.

అలాంటి చోటికి, నడివేసవిలో, చొక్కాలు కుట్టుకునే ఒక దర్జీ వెళ్ళాడు. ఒక్కడే. పడవలు బాగుచేసే మేస్త్రి కూతురి కోసం.

"మావయ్యా" అని ఒకసారి నోరు జారాడు పాపం. మేస్త్రి చేతిలో రంపం ఆగిపోయింది.

"నేనింకా ఎవరికీ మావయ్యని కాలేదు. సూదిలోకి దారం ఎక్కించుకునేవాడివి, నీళ్ళ సంగతి నీకేం తెలుసు? కుళ్ళు వంపులో పొద్దుగూకాక ఓ పండుగప్ప చేపని పట్టుకురా. జడవకుండా. అప్పుడు పెళ్ళి మాట ఎత్తు."

"తెస్తే తెచ్చాడుగానీ, ఆ ఎర వాసన గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం నేనే ఒప్పుకోను!" అని లోపల్నుంచి కూతురు నవ్వింది.

పడవల మధ్య పుట్టి పెరిగిందన్న మాటేగానీ, ఎర వాసన తగిలితే ఆమెకి వాంతే. అలాంటిది, అంతకు ముందు ఆదివారం దర్జీ తన సన్నటి తెడ్డుపడవలో, ఆ పాత కయాక్‌లో ఎక్కించుకుని పాయంతా తిప్పితే, ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి మిషన్ తొక్కుతున్నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

మేస్త్రి అలా అన్న సాయంత్రమే బయల్దేరాడు. పోటు నిండుగా ఉంది. ఎదురుగాలి చల్లగా మొహానికి కొడుతోంది. తెడ్డు వేసినప్పుడల్లా నీళ్ళు తళుక్కుమంటుంటే, ఆమె గాజులు గుర్తొచ్చాయి. దారిలో ఆగి, కూర్చునే చోటుకి వెనకున్న మూత తెరిచి, గట్టి దారం చుట్ట తీసుకున్నాడు. మూత మళ్ళీ సరిగ్గా పడిందో లేదో చూసుకోలేదు. కళ్ళ నిండా ఆమే ఉంటే మూతలెవరికి కనిపిస్తాయి?

వంపులోకి తిరిగేసరికి చీకటి చిక్కబడింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆకు కదలడం లేదు.

గాలం వేసిన కాసేపటికే దారం బిగిసింది. చేతులు కోసుకుపోయేలా లాగింది... లాగి లాగి, చివరికి పైకొచ్చింది. పండుగప్ప! మోచేతి నుంచి వేళ్ళ కొసలదాకా ఉంది. "అయిపోయింది, పెళ్ళయిపోయింది" అని గొణుక్కుంటూ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది కంపు.

మామూలు కంపు కాదు. గొంతులోకి దిగి, నాలుక వెనక జిగటగా అతుక్కునే కంపు. ఉమ్మితే పోలేదు. ఊపిరి బిగబడితే కళ్ళల్లోకి వచ్చింది. పక్కకి వంగి కక్కుకున్నాడు.

రెండు బారలు వెనక్కి తెడ్డు వేశాడు. కంపూ వెంటే వచ్చింది. ముందుకి వేశాడు. అదీ ముందుకే.

పోటు తిరిగి ఆటు మొదలైంది. కయాక్ మెల్లగా అటూ ఇటూ ఒరిగింది.

టక్...

కిందనుంచి.

టక్... టక్...

అంతలో నడుము మీద, చొక్కా కింద, ఏదో పాకింది. తడిగా... మెత్తగా... ఒకటి కాదు, పది. చెయ్యి పెట్టి తుడిస్తే వేళ్ళ మధ్య చితికింది. తలకి కట్టుకున్న లైటు వేసుకుని అదేమిటో చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

"తీసుకో..." అన్నాడు. "తీసుకో తల్లీ... నన్నొదిలెయ్."

చేపని నీళ్ళమీదకి విసిరేశాడు. తన పెళ్ళిని విసిరేసినట్టే. వెనక్కి చూడలేదు.

రేవులో మేస్త్రి లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాలే కూతురు. కయాక్ ఒడ్డుకి తగలగానే ఇద్దరూ ఒకేసారి ముక్కు మూసుకున్నారు.

"చేపేదీ?"

దర్జీ జరిగిందంతా చెప్పాడు. దాచలేదు. మేస్త్రి వంగి, వెనక మూత లాగి, డొల్లలోకి లాంతరు పెట్టాడు.

ఉబ్బి మూత ఎగిరిపోయిన ఒక రేకు డబ్బా. అందులోంచి, చుట్టూ, కూర్చునే చోటు దాకా... తెల్లగా, లావుగా, పొర్లుతున్న పురుగులు. నల్లగా కారిన రసం.

"ఛీ ఛీ! ఏంటిది?" అంది కూతురు.

"రొయ్యలు," అన్నాడు దర్జీ. ఏడుపొక్కటే తక్కువ. "ఆదివారం ఎర కోసం తెచ్చా. నీకు వాసన పడదని లోపల దాచేసి... మర్చిపోయా."

ఆమె గట్టుమీదే కూలబడి కక్కుకుంది. కక్కుకుంటూనే నవ్వింది. "నాకోసమా! ఎనిమిది రోజులు ఎండలో!" అంటూ సబ్బు, బకెట్టు తేవడానికి పరిగెత్తింది.

మేస్త్రి పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్, ఆ వంపులో గాలి చొరబడదు. మిగతా పాయంతా గాలికి వెనక్కి కొట్టుకుపోయే కంపు అక్కడ మనచుట్టే నిలిచిపోతుంది. ఎవడి పడవలో కుళ్ళు వాడికి తెలిసొచ్చేది అక్కడే. తట్టింది లోపల దొర్లిన ఈ డబ్బా. నీ దెయ్యం అదిగో, పాకుతోంది చూడు! ఇంత పిరికివాడికి పిల్లనెలా..."

"అంతా నిజమే," అన్నాడు దర్జీ తల దించుకుని. "కానీ చేపని అంత గట్టిగా విసిరానా... నీళ్ళల్లో పడ్డ చప్పుడే రాలేదు."

మేస్త్రి నవ్వు ఆగిపోయింది.

"బురదలో పడిందేమో," అన్నాడు దర్జీ.

"అప్పుడే తిరిగిన పోటులో బురదెక్కడిది? రెండు నిలువుల నీళ్ళుంటాయి." మేస్త్రి లాంతరు కింద పెట్టాడు. కూతురు ఇంకా ఇంటి గుమ్మం దాటి రాలేదని చూసుకుని, దగ్గరగా వంగాడు.

"పాతికేళ్ళయింది... నేను విసిరినదానికీ చప్పుడు రాలేదు."

బకెట్టు చప్పుడు దగ్గరకొస్తోంది.

"అమ్మాయికి చెప్పకు, అల్లుడూ."