ఉప్పు లేని పప్పు

"నూటముప్పై బై ఎనభై! డాక్టరు మాత్ర సగానికి తగ్గించినాడు!"

మదనపల్లె బస్సు దిగి వచ్చిన నారాయణస్వామి వీధిలోంచే అరిచాడు. వాకిట్లో ఉన్న భార్య ప్రమీలకు చొక్కా ఉంటే కాలర్ ఎగరేసేదే!

కొన్ని నెలల కిందటే, ఎనభైరెండు మాఘంలో, ఆమె కుప్పం నుంచి పుంగనూరుకి కాపురానికొచ్చింది. భర్త తిన్న ఆకులోనే భార్య తినడం ఆ ఇంటి ఆనవాయితీ. మొదటిరోజే తెలిసింది, ఆయన పప్పులో ఉప్పు లేదని. పాపం, నోరు తెరిచి అడగలేని మనిషి అనుకుంది. అత్త మునెమ్మ చూడకుండా రోజూ ఆయన పప్పులో చిటికెడు ఉప్పు కలిపేది. ఆయన మారుమాట లేకుండా తినేవాడు.

ఆ తర్వాతే మొదలైంది నిద్ర. ఆమె కబుర్లు మొదలుపెడితే ఆయనకు ఆవలింతలు. మదనపల్లెలో మ్యాట్నీకి తీసుకెళ్లి, డ్యూయెట్ మధ్యలో ఆమె భుజం మీదే గురక!

మర్నాడే ప్రమీల ట్రంకుపెట్టె సర్దింది.

"నా మొగం సూస్తేనే నిద్రొస్తాంటే, నేనీడ యాల? కుప్పం పోతా."

"ఉండు ప్రమీలా!" అంటూ గబుక్కున లేచిన నారాయణస్వామి, కళ్లు తిరిగి మళ్లీ కూలబడ్డాడు.

"ఏమైందండీ?"

"బీపీ. పెండ్లికి ముందు నుంచే ఉండాది. ఈ వయసులో బీపీ అంటే నవ్వుతావని చెప్పలా. ఈమధ్య పెరిగిందని డాక్టరు మాత్ర డోసు పెంచినాడు. ఈ నిద్ర, తలతిప్పుడు దాంతోనే."

"అయితే అత్తమ్మ ఉప్పెయ్యంది..."

"అందుకే."

"మరి నేనేసిన ఉప్పు?"

"నీ చేత్తో ఏసినావు కదా... తినేసినా."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"రేపట్నించి మాత్రే మానేస్తాలే. నిద్ర రాదు," అన్నాడు.

"సాల్లేండి! మీ అంతట మీరు ఆపేస్తే బీపీ ఎగిరి నెత్తిన కూర్చుంటాది. డాక్టరుకు నిద్ర సంగతి చెప్పినారా?"

"సిగ్గేసింది."

"నాకు లేదు. పదండి."

వెళ్లి నిద్ర, తలతిప్పుడు, తన చిటికెడు ఉప్పు, అన్నీ చెప్పేసింది. ఉప్పు ఆపి చూద్దామన్నాడు డాక్టరు. అలా చూసిన ఫలితమే ఈరోజు కబురు.

మునెమ్మ వంటింట్లోంచి ఉప్పుజాడీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇంగ ఇది నీ దగ్గరే ఉండనీమ్మా. వాడికి చెప్పేదానివి, చేసేదానివి నువ్వే."

ప్రమీల జాడీని పందెంలో గెలిచిన కప్పులా ఎత్తి పట్టుకుంది.

"రేపు మదనపల్లెకు పోదాం," అన్నాడు నారాయణస్వామి. "అదే సినిమా. కథేందో నాకింకా తెలీదు."

"వస్తా," అంది ప్రమీల. "ఉప్పు బఠాణీలు అడిగితే మాత్రం ఇంటర్వెల్లోనే ఇంటికి లాక్కొస్తా!"