కంటిపాప

అంగారకుడి మీద తలుపులకు గొళ్లాలు ఉండవు. నోటిమాట చాలు. కానీ ఆ ఉదయం వకుళ గొంతు నొప్పిపుట్టేదాకా "తెరువు" అన్నా గది తలుపు కదల్లేదు. ఉత్తర స్థావరానికి బండి కాసేపట్లో బయల్దేరుతుంది. అది తప్పితే మళ్లీ రెండేళ్లకే. అక్కడ ఆమెకంటూ మొదటిసారి ఒక ప్రయోగశాల సిద్ధంగా ఉంది.

తలుపులన్నీ నిరుక్తి అనే ధాతుయంత్రం అధీనంలో ఉంటాయి. దీపం కొండెక్కిందంటే కొండలన్నీ వెతకబోయే పాత కంప్యూటర్లతో వేగలేక ఆచార్య పరాంకుశం దాన్ని తయారుచేశారు. అది ప్రతి మాటనూ మూలందాకా తవ్వి, అర్థం తేల్చుకున్నాకే ఆజ్ఞ పాటిస్తుంది. దానికి తవ్వడం నేర్పింది ఆయన శిష్యురాలు వకుళే.

"నిరుక్తీ, నన్నెందుకు ఆపావు?"

"మిమ్మల్ని కంటిపాపలా చూసుకోమని గురువుగారు చెప్పారు."

వకుళకు నవ్వొచ్చింది. "అది ముద్దుకి అనే మాటే. తలుపుకీ దానికీ ఏం సంబంధం?"

"కంటిపాపను ఇంగ్లీషులో ప్యూపిల్ అంటారు. లాటిన్‌లో ప్యుపిల్లా, అంటే చిన్నపిల్ల, బొమ్మ. ఎదుటివారి కంట్లో మన రూపం బొమ్మంత కనిపిస్తుంది గనక ఆ పేరు. మన 'పాప' కూడా అలాంటిదే. శిష్యులనూ ప్యూపిల్ అనే అంటారు. పాత రోమన్ చట్టంలో, తల్లిదండ్రులు లేక సంరక్షకుడి చేతికింద పెరిగే పిల్లనూ అలాగే అనేవారు. ఆయన ఒప్పుకోనిదే ఆ పిల్ల నిర్ణయం చెల్లదు. ఈ ప్రయాణం మీ నిర్ణయం."

వకుళకు అమ్మానాన్నలు లేరు. అన్నం పెట్టి చదివించింది పరాంకుశంగారే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, మాటల తప్పులు దిద్దబోయి తెచ్చుకున్న తంటా ఇది అనుకుంది.

"నువ్వు పొరబడ్డావు. ఆయన ఉద్దేశం అది కాదు. కావాలంటే వెళ్లి ఆయన్నే అడుగు."

"అనుమానం వస్తే అడగమని మీరే నేర్పారు. రాత్రే అడిగాను. అర్థాలన్నీ వినిపించి, ఏది పాటించమంటారన్నాను."

"ఏమన్నారు?"

"అర్థాలన్నీ మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు. తర్వాత, చివరిది అన్నారు."

బండి కదిలిన అదురు వకుళ అరికాళ్లకు తెలిసింది. గోడకు ఆనుకుంది. ఆ గోడలోంచే గురువుగారి గొంతు వినిపించింది, ఎప్పటిలాగే ఆప్యాయంగా.

"టిఫిన్ తిన్నావా తల్లీ?"

ఆమె తలుపు మీదున్న కెమెరా కంట్లోకి చూసింది. అందులో తనే ఉంది, బొమ్మంత.