పొగరు నడక

"టప్... టప్... టప్...! ఇన్నవా కోటేషూ? తండా పెద్దమనిషి హేమ్లా తాత వాకిట్ల కూసున్నడని గుడ సూడకుండ, నీ పెండ్లాం కాలు నేలకేసి కొట్టుకుంట ఎట్ల పోయిందో! ఇగ చాలు! తల్లిగారింటికి తోలిరాపో!"

లాలి కోడలి చీరలన్నీ మూటగట్టి వాకిట్లోకి విసిరేసింది. సారపాక మిల్లు నుంచి అప్పుడే వచ్చిన కోటేష్ ఆ మూటనే చూస్తూ నిలబడ్డాడు. పెద్దల ముందు కాలు నేలకేసి కొట్టడమంటే ఆ ఇంట్లో ముఖం మీద తిట్టినట్టే. పది రోజులుగా ప్రమీల కుడికాలు అలాగే చప్పుడు చేస్తోంది. పది రోజులుగా "పొగరు... పొగరు..." అన్న మాటే ఆమె తింటున్న అన్నం!

"కావాలని కొడుతలేను అత్తా! కాలే నా మాట ఇంటలేదు..." అంది ప్రమీల. మూట మాత్రం ముట్టుకోలేదు. కళ్లు తుడుచుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను పోను! భద్రాచలం దవాఖానాకు పోదాం పా. నాటకమని వాళ్లంటే, ఆడికెళ్లి ఆడికే మా అమ్మగారింటికి పోత. నాటకం కాకుంటే...? అప్పుడు ఈ మూట నువ్వే లోపల పెట్టాలె!"

"పా! నేనూ వస్త! నీ వేషం ఆడనే బయటపడుతది!" అంది లాలి.

దవాఖానాలో లాలి "ఇది పొగరు నడక మేడం" అని చెప్పగానే, నడక చూసి వైద్యం చేసే శ్యామల మేడం ప్రమీలను వరండాలో అటూ ఇటూ మూడుసార్లు నడిపించింది. "మడమల మీద నిలబడు" అంది. ఎడమపాదం లేచింది... కుడిపాదం లేవలేదు! పళ్లు బిగబట్టినా, చెమటలు కారినా, ఆ బొటనవేలు కదల్లేదు.

"ఏం పని చేస్తవమ్మా?"

"మిర్పకల్లంల తెల్లబడ్డ తాలుకాయ ఏరుత మేడం. నెల నుంచి... పొద్దుగూకేదాంక గొంతుకూసొనే."

శ్యామల ఆమె మోకాలి పక్కన, బయటివైపు వేలు పెట్టి నొక్కింది. "ఈ ఎముక మీదికెళ్లి ఒక నరం పోతది. గంటలకొద్ది గట్ల కూసుంటే నలుగుతది. పాదం పైకి లేవదు. నేలకు తాకుతదని మోకాలు ఎత్తెత్తి వేస్తది, పాదం టప్పున పడుతది. పొగరు కాదు అవ్వా, ఇది జబ్బు! పట్టీ కట్టి, కసరత్తు చేయిస్తే నెలల్ల చానామందికి తిరిగొస్తది. కానీ మళ్ల గట్ల కూసోవద్దు."

లాలి ముఖం మాడిపోయింది. అయినా తగ్గలేదు. "ఇరవై ఏండ్లు నేనూ ఏరిన! నాకేం కాలేదు!"

"నువ్వు లోపలికొస్తుంటే చూసిన. అడుగడుక్కి ఒళ్లు ఓ పక్కకి వాలుతున్నది. తుంటికి ఎప్పుడు దెబ్బ తగిలింది?"

లాలి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోటేషు పుట్టకముందు... మిర్పబస్తాల ట్రాక్టర్ మీదికెళ్లి పడ్డ. మా అత్త నమ్మలే... మగోళ్లు సూడాలని నడుము తిప్పుకుంట నడుస్తున్నదన్నది! వాత పెట్టింది..." చేతిమీది పాత మచ్చ చూపిస్తూ లాలి భోరుమంది. "ముప్పై ఏండ్లాయె బిడ్డా! ఇది దెబ్బ అని ఒక్కలన్నా అనలే! నేను గుడ... నిన్ను గట్లనే..."

ప్రమీల అత్తను పొదివి పట్టుకుంది. తనకూ ఏడుపు ఆగలేదు. ఆ సాయంత్రం మూటను లాలి తన చేతులతోనే లోపల పెట్టింది.

వారం తర్వాత కాలికి పట్టీతో, చంకలో పీటతో ప్రమీల కల్లానికి వెళ్లింది. వెనకే లాలి, ఇంకో పీటతో.

"ఏందా కాలు కొట్టుకుంట వచ్చుడు? ఎవరి మీద ఆ పొగరు?" అన్నాడు కల్లం యజమాని వెంకటకృష్ణ, కుర్చీలోంచే. "పీటలేంది? పెండ్లి భోజనాలకొచ్చిన్రా? పీటలమీద పని సాగదు, తీసెయ్యిండ్రి!"

ప్రమీల నోరు తెరిచేలోపే లాలి ముందుకొచ్చింది.

"అవ్ బాబూ, పొగరే! నాకు ముప్పై ఏండ్ల కిందనే ఉండాల్సిన పొగరు! నా కోడలి కాలు మీ కల్లంలనే పడిపోయింది. పీటమీద కూసొని ఏరుతం. వద్దంటే ఏరం! తాలుకాయ మీరే ఏరుకోండ్రి!"

కుప్ప చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. వాళ్లలో రాఘవమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "నేనూ ఇంటికిపోయి పీట తెచ్చుకుంట" అని బయల్దేరింది. ఆమె వెనక మరో ఇద్దరు... తర్వాత అందరూ! ఖాళీ అవుతున్న కల్లంలో వెంకటకృష్ణ అటూ ఇటూ చూసి, "సరే, తెచ్చుకోండ్రి... జల్దీ!" అని గొణిగాడు.

లాలి అప్పటికే కుప్ప పక్కన కోడలి పీట వేసి, చేత్తో దుమ్ము తుడుస్తోంది.

"కాలు చాపుకొని కూసో బిడ్డా" అంది.