తడి ఆరని రీలు డబ్బా

రీళ్ల పెద్దాయన కనిపించడం లేదు.

ఆయన కళ్లజోడు బల్ల మీదే ఉంది. పక్కన ఫోన్. భోజనం క్యారియర్ మూత కూడా తీయలేదు.

"కళ్లజోడు లేకుండా నాన్న గడప దాటడు మేడమ్," అంది కూతురు. "షుగర్ మనిషి. వేళకి తినకపోతే కళ్లు తిరిగి పడిపోతాడు."

సీఐ చుట్టూ చూసింది. పాత సినిమాలు భద్రపరిచే భవనం అది. ఎండా తేమా ఫిల్ముకి పడవని కిటికీలన్నీ ఇటుకలతో పూడ్చేశారు. తలుపు మూస్తే వీధిలో హారన్ కూడా వినపడదు. లోపలికొచ్చి కాసేపే అయింది. అప్పుడే ఆమెకి కాలర్ బిగుసుకున్నట్టుంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"పన్నెండింటికి. నేను ఫిల్ము కాపీలు తీసే నా స్కానింగ్ గదిలోకి వెళ్తుంటే ఆయన వాల్ట్ వైపు నడుస్తున్నాడు. గంట తర్వాత భోజనానికి పిలుద్దామని వస్తే మనిషి లేడు."

వాల్ట్ అంటే రీళ్లుండే చల్లగది. మందపాటి ఇనుప తలుపు. బయట తాళం.

మేనేజర్ మెడ తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దాయనకి స్వయానా బావమరిది.

"ముందు అక్కడే చూశాను మేడమ్. తాళం వేసే ఉంది. తాళంచెవి బావ జేబులోంచి కదలదు. బయట తాళం పెట్టుకుని మనిషి లోపలెలా ఉంటాడు? వెనక గేటు నుంచి వెళ్లుంటాడు. పొద్దున మాకిద్దరికీ మాటా మాటా వచ్చింది. అలిగాడు."

"దేనికి?"

"ఇంటి గొడవలు. బావా బావమరుదులకి కొత్తా?"

ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లారు. సాయంత్రం అక్కడ షో ఉంది. వరదలో కొట్టుకుపోక ముందు పాత ఊరు ఎలా ఉండేదో చూపించే ఒకే ఒక్క సినిమా. పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు.

బల్ల మీద గుండ్రటి రేకు డబ్బా. పైనంతా తడి.

"నీళ్లు ఒలకబోశావా?" మేనేజర్ ఆపరేటర్ మీద విరుచుకుపడ్డాడు. అందరూ 'లైటు' అని పిలిచే బక్కమనిషి అతను.

"నా సీసాలో చుక్క లేదు సార్, ఒలకబోయడానికి!"

సీఐ జేబురుమాలుతో డబ్బా తుడిచింది. లేబుల్ చదివింది. ఆ సినిమాదే.

"ఇది ఇక్కడికెప్పుడొచ్చింది?"

"నిన్ననే. బావే తెచ్చిపెట్టాడు," అన్నాడు మేనేజర్.

లైటు నోరు తెరిచాడు. మేనేజర్ ముఖం చూసి మూసుకున్నాడు.

సీఐ వెనక గేటు దగ్గరికి నడిచింది. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కానిస్టేబుల్ బలమంతా పెట్టి లాగినా కదల్లేదు. ముందు గేటు గార్డు తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన బయటికి రాలేదు.

అంటే లోపలే ఉన్నాడు.

ఆమె పరుగున వెనక్కి వచ్చింది. డబ్బా మీద చెయ్యి వేసింది.

మళ్లీ తడి.

"అందరినీ పిలవండి. వెంటనే!"

కూతురు వచ్చి డబ్బాని తాకింది. చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "చల్లగా ఉందేంటి? వాల్ట్‌లోంచి తీసిన డబ్బాని నాన్న తిన్నగా ఇక్కడికి తేడు. రోజంతా మధ్యగదిలో ఉంచుతాడు. లేకపోతే చెమట పడుతుంది. ఫిల్ము పాడైపోతుంది."

"అదే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు," అంది సీఐ. "ఎవరూ నీళ్లు ఒలకబోయలేదు. నిన్న తెచ్చిన డబ్బాకి ఇవాళ చెమట పట్టదు. ఇది ఇందాకే వాల్ట్‌లోంచి వచ్చింది. తెచ్చింది పెద్దాయన కాదు. లైటూ, నువ్వు చెప్పు."

"భోంచేసి వచ్చేసరికి ఇక్కడుంది మేడమ్. అంతకుముందు లేదు."

సీఐ మేనేజర్ వైపు చెయ్యి చాపింది. "నిన్న తెచ్చాడని అబద్ధమాడింది మీరొక్కరే. తాళంచెవి!"

అతను చొక్కా లోపలి జేబులోంచి తాళంచెవి తీశాడు.

తలుపు తెరుచుకుంది. చలి ముఖాన కొట్టింది. అల్మరాల వెనక, ప్యాకింగ్ అట్టలు ఒంటికి చుట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాడు పెద్దాయన. పెదాలు నల్లబడ్డాయి. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి.

ఊపిరి ఆడుతోంది.

కూతురు ఆయన నోట్లో పంచదార పోసింది. కాళ్లు రుద్దింది.

"సినిమా కాపీలున్న కంప్యూటర్ డిస్క్ పాడైంది మేడమ్," అన్నాడు మేనేజర్. "రెండు కాపీలున్నాయని పైవాళ్లకి చెప్పాను. ఒక్కటీ తెరుచుకోలేదు. అసలు రీలు ఇమ్మంటే బావ ఇవ్వనన్నాడు. పాత ఫిల్ము, మెషీన్‌కి ఎక్కిస్తే పొడై రాలిపోతుందన్నాడు. లాక్కున్నాను. తాళంచెవి కూడా లాక్కుని తలుపేశాను. కాసేపట్లో తీద్దామనే అనుకున్నాను. ఈలోగా అమ్మాయి వెతకడం మొదలెట్టింది. మీరొచ్చారు. అందరి ముందూ ఎలా తీయను?"

"అందరి ముందే తీయాల్సింది."

పెద్దాయన కళ్లు తెరిచాడు. "ఈ గోడే కొట్టాను తల్లీ. అవతల స్కానింగ్ గదిలో నువ్వుంటావని."

"వినపడలేదు నాన్నా..."

"వినపడదులే. అంత మందంగా కట్టించింది నేనేగా."

అంబులెన్స్ వచ్చింది. బేడీలు పడ్డ బావమరిది ముందు నుంచి స్ట్రెచర్ వెళ్తోంది.

"బావా," అన్నాడతను, తలెత్తకుండా.

పెద్దాయన చేత్తో స్ట్రెచర్ ఆపించాడు. అతని ముఖంలోకి చూశాడు.

"ఇంటికెళ్లి మీ అక్కకి ఏం చెప్పమంటావురా?"