ఇద్దరు నడిచేంత దోవ

ఆ పొద్దున హిందూపురం బజారు వీధిలో ఇద్దరు కిందపడ్డారు. ఒకరు గౌరి. ఇంకొకరు నాగేశ్వరయ్య గారి పట్టుచీరల అంగడి ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ.

తప్పెవరిదంటారా? వెనక నుంచి ఆటోవాడు చెవులు పగిలేలా హారన్ కొట్టాడు. పక్కకు తప్పుకుందామంటే ఫుట్‌పాత్ నిండా బిందెలు, బెల్లం బుట్టలు, చీరలు కట్టిన బొమ్మలు. గౌరి కంగారులో సైకిల్ హ్యాండిల్ ఇటు తిప్పబోయి అటు తిప్పింది. తిన్నగా వచ్చి బొమ్మను గుద్దింది.

అంగడిలోంచి నవనీత్ పరుగెత్తుకొచ్చాడు. నాగేశ్వరయ్య గారి ఒక్కగానొక్క కొడుకు. చూడ్డానికి బాగుంటాడు, మనసు కూడా మంచిదే. కానీ ఆ క్షణాన ఏం బుద్ధి పుట్టిందో, ముందు బొమ్మను లేపాడు. చీరకంటిన దుమ్ము దులిపాడు. కుచ్చిళ్ళు కూడా సర్దాడు!

"ఏమప్పా, ఆమెకేమన్నా దెబ్బలు తగిలినాయా?" కింద నుంచి అడిగింది గౌరి.

నవనీత్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, సారీ అండీ! అది ధర్మవరం పట్టు, మరకైతే పోదని..."

"నా మోకాలు మామూలు చర్మమే లెండి. మరకైనా ఫర్వాలేదు."

అతడు చెయ్యందించేలోపే ఆమె లేచి, ఊడిన చైన్ ఎక్కించుకుంది. "మీ ఊళ్ళో బొమ్మలు నిలబడేదానికి చోటుండాది, మనుషులు నడిచేదానికే లేదు," అనేసి సైకిలెక్కి వెళ్ళిపోయింది.

తిట్టిపోయిన మనిషికి అంత అందమైన కళ్ళుండటం అన్యాయం అనుకున్నాడు నవనీత్. ఆ రోజంతా గిరాకీలకు ఒక చీర అడిగితే ఇంకో చీర చూపించాడు.

కొన్నాళ్ళకే ఆ కళ్ళు మళ్ళీ కనబడ్డాయి, మున్సిపల్ ఆఫీసు మీటింగు హాల్లో. నడిచేవాళ్ళకూ సైకిల్ తొక్కేవాళ్ళకూ రోడ్డు మీద ప్రాణభయం లేకుండా ఏం చేయాలో చెప్పమని మున్సిపాలిటీ ఊరివాళ్ళతో ఒక సలహా కమిటీ వేసింది. అందులో సైకిళ్ళవాళ్ళ తరఫున గౌరి. ఆమెది పెనుకొండ. రోజూ రైల్లో వచ్చి, స్టేషన్ స్టాండులో పెట్టుకున్న సైకిల్ తీసుకుని ఆస్పత్రికి పోతుంది. అక్కడ ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. వ్యాపారుల తరఫున నవనీత్. వర్తక సంఘానికి పెద్ద వాళ్ళ నాయనే మరి!

పంపించేటప్పుడు నాగేశ్వరయ్య ఒకటే మాట చెప్పాడు. "వాళ్ళు ఏమడిగినా ఆలోచిస్తామను. ఇంకో ముక్క మాట్లాడొద్దు."

మీటింగులో ఇంజనీరు రాఘవేంద్ర సంగతి తేల్చేశాడు. "ఫుట్‌పాత్‌కు, సైకిల్ దారికి నిధులొచ్చినాయి. బజారు వీధికి వాడాలని నా ఆశ. అంగళ్ళవాళ్ళు సామాన్లు వెనక్కి తీసుకుంటేనే కుదురుతాది. వచ్చే మీటింగులో వాళ్ళు కాదంటే, పని బైపాస్ రోడ్డుకు పోతాది."

"బైపాస్‌లో ఎవరు నడుస్తారు సార్, మేకలా?" అంది గౌరి.

హాలంతా నవ్వింది. నవనీత్ కూడా నవ్వి, ఆమె చూసేసరికి గబుక్కున ఆపేశాడు.

"వ్యాపారులు ఏమంటారు?" అడిగాడు ఇంజనీరు.

"ఆలోచిస్తాం సార్."

"ఎవరితో? ఆ బొమ్మతోనా?" అంది గౌరి.

ఈసారి హాలు ఇంకా గట్టిగా నవ్వింది. నవనీత్ చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చాక వరండాలో ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేస్తే మీకేమొస్తాది?"

"మీ వీధిలో మీరెప్పుడైనా నడిచినారా?"

"పుట్టినప్పట్నుంచి రోజూ!"

"బైక్ మీదనా?"

నవనీత్ చేతిలోని బైక్ తాళం జేబులో దాచుకున్నాడు.

"శనివారం సాయంత్రం నాతో నడవండి. ఆ చివర నుంచి ఈ చివరికి. ఆ తర్వాత ఆలోచించుకోండి."

శనివారం నడిచారు. ఆ చివర మొదలుపెట్టేటప్పటికి 'మీరు', సగం వీధికి 'నువ్వు'. బిందెల దగ్గర రోడ్డు మీదికి దిగారు. బెల్లం బుట్టల దగ్గర ఒక లారీ నవనీత్ భుజాన్ని రాసుకుంటూ పోయింది. గౌరి అతడి చొక్కా పట్టి లాగకపోతే ఆ సాయంత్రం కథే వేరుగా ఉండేది. చొక్కా వదిలేశాక కూడా ఆమె చెయ్యి అక్కడే ఉన్నట్టనిపించింది అతడికి.

"భయమైందా?" అడిగింది.

"లారీకా, నీకా?"

గౌరి నవ్వాపుకోవాలని చూసింది కానీ కుదర్లేదు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది, హిందూపురం వాన, అడిగి రాదు, చెప్పి పోదు. తలదాచుకోవడానికి దగ్గర్లో ఉన్నది నాగేశ్వరయ్య గారి అంగడే. ఇద్దరూ తడిసి ముద్దై లోపలికి దూరారు.

వాళ్ళ ఇల్లు అంగడి పైనే. కింద వెనక గదిలో కుర్చీలో కూర్చున్న నవనీత్ వాళ్ళ అవ్వ వరలక్ష్మమ్మ గౌరిని చూసి చేతులు చాపింది. "మా డాక్టరు పాప! ఈమెనేరా నా మోకాలు సరిచేసింది."

"యాడ సరైంది అవ్వా? రోజూ బయట నడవమన్నా గదా, నడుస్తాండావా?"

"యాడ నడిచేది తల్లీ? మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతాండా. వీధిలోకి దిగితే కాలు పెట్టే చోటుండాదా?" అంది అవ్వ. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమె గడప దాటలేదు. ఆ మాట నవనీత్‌కు తెలియనిదేం కాదు, కానీ అంతవరకు అది మోకాలి నొప్పి అనుకున్నాడు. వీధి నొప్పి అనుకోలేదు. సిగ్గేసింది.

నవనీత్ వాళ్ళమ్మ సీతాదేవి కాఫీ తెచ్చింది. కాఫీ తాగుతూ అవ్వ పాత సంగతి చెప్పింది. "మా మామ ఉన్నప్పుడు ముగ్గు గడప కాడ వేసేదాన్ని. పక్కంగడివాళ్ళు ఒక అడుగు ముందుకేసినారు. మేం తక్కువా? మేమూ వేసినాం. ముగ్గుకు లోపలున్నదంతా మన అంగడే అని మగవాళ్ళు సామాన్లు జరుపుకుంటా పోయినారు. ఇప్పుడు మీయమ్మ తారు రోడ్డు అంచుకు పోయి ముగ్గేస్తాంది."

"ముగ్గుకు అవతల సామాన్లు పెట్టరా?" అడిగింది గౌరి.

"లక్ష్మీదేవి వచ్చే దోవకు అడ్డం పెడతారా ఎవరైనా?" సీతాదేవి నొచ్చుకున్నట్టే చెప్పింది.

వాన తగ్గాక నవనీత్ ఆమెతో స్టేషన్ దాకా నడిచాడు. పెనుకొండ రైలు ఇంకా రాలేదు. ఇద్దరూ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నారు. గౌరే అడిగింది.

"ఒకటి చెప్పు. నాతో తిరిగేదానికి నడిచినావా, దోవ కోసం నడిచినావా?"

"రెండింటికీ. మా నాయనకు చెప్పాలంటేనే భయం."

"దోవ సంగతి ముందు తేల్చు. మీ నాయన ముందర నోరు తెరవలేని మనిషి రేపు నన్నిమ్మని అడగాల్సొస్తే, మా నాయన ముందర ఏం మాట్లాడతాడు?"

రైలొచ్చింది. ఆమె ఎక్కి వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే, నవనీత్ ముఖానికి జాలిపడేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నవనీత్ నోరు తెరిచాడు. నాగేశ్వరయ్య సగంలోనే కంచం నెట్టేశాడు. "బొమ్మలు లోపల పెట్టుకుంటే గిరాకీ ఎదురంగడికి పోతాది. వీధిలో అందరూ నా ముఖం చూస్తాండారు. నేనే వెనక్కి తగ్గాల్నా? సోమవారం మీటింగులో కుదరదని చెప్పిరా!"

మరి ఏం చేశాడు మన హీరో? తెల్లారకముందే లేచి, అమ్మ కంటే ముందే ముగ్గు డబ్బా తీసుకుని కిందికి దిగాడు. గడప దగ్గర నీళ్ళు చల్లి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి ముగ్గేసిన పాపాన పోలేదు, చుక్కలు చీమల్లాగ తలా ఒక దిక్కుకు పోయాయి.

"ఏందిరా ఇది?" వెనక నుంచి సీతాదేవి. కొడుకు ముఖం చూసింది, గడప చూసింది, దూరంగా రోడ్డు అంచు చూసింది. ఆమెకు విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. "లెయ్యి, నా ముగ్గు పిండంతా నాశనం చేసినావు," అని చెంగు దోపుకుని కూర్చుంది. గడపను ఆనుకుని, అంగడి వెడల్పునా, నిండు ముగ్గు వేసింది. పైన మిద్దె మీది నుంచి అవ్వ ఎక్కడ గీత వంకర పోయిందో చెబుతూనే ఉంది.

నాగేశ్వరయ్య తాళాలు తీసుకుని వచ్చి, బొమ్మను చంకన పెట్టుకుని గడప దగ్గర ఆగిపోయాడు. "ఈడ ఎవరు వేసినారు?"

"నేనే వేయించినా నాయనా," అన్నాడు నవనీత్. "మన అంగడి ఈడికే. అవతలిది నడిచేవాళ్ళది. మీటింగులో కూడా ఇదే చెప్తా. మీకు కోపమొస్తే రానీ."

"తుడిచెయ్!"

"బోణీ కాకుండా ముగ్గు తుడిపిస్తారా?" సీతాదేవి గయ్యిమంది. "ముప్పై ఏండ్ల వ్యాపారంలో ఎన్నడన్నా చేసినారా ఆ పని?"

చేయలేదు. ఆ వీధిలో ఎవరూ చేయరు. నాగేశ్వరయ్య బొమ్మను చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముగ్గు దాటించి పెట్టలేడు, తుడవలేడు.

అంతలో మెట్ల మీద కర్ర చప్పుడు. వరలక్ష్మమ్మ ఒక్కో మెట్టే దిగుతోంది. ముగ్గు పక్కనుంచి జాగ్రత్తగా వీధిలోకి వచ్చి, ఖాళీగా ఉన్న ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టింది. నాగేశ్వరయ్య బొమ్మను కొడుకు చేతిలో పెట్టి, రెండు చేతులూ చాచి వాళ్ళమ్మ వెనకే నడిచాడు. పక్కంగడి ముందు బెల్లం బుట్టలు అడ్డమొచ్చాయి. అవ్వ ఆగిపోయింది.

"ఏమబ్బా!" నాగేశ్వరయ్య గొంతు వీధంతా వినబడింది. "ఆ బుట్టలు లోపలికి తీయండప్పా! మాయమ్మ నడుస్తాంది, కనపళ్ళేదా?"

బుట్టలు లోపలికి పోయాయి. ఆ పక్కన బిందెలు కూడా పోయాయి. నాగేశ్వరయ్య కళ్ళు తుడుచుకోవడం నవనీత్ చూశాడు, చూడనట్టు బొమ్మ చీర సర్దాడు.

మీటింగుకు నాగేశ్వరయ్య పిలవకుండానే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంజనీరు అడగ్గానే నవనీత్ లేచాడు. "బజారు వీధి ఒప్పుకుంటాంది సార్. మొదట మా అంగడే." గౌరి తలెత్తి చూసింది. ఆ చూపులో ఈసారి తిట్లేమీ లేవు.

"ఒక షరతు!" వెనక నుంచి నాగేశ్వరయ్య లేచాడు. అందరూ వెనక్కి తిరిగారు. "ఒక మనిషి నడిచేంత వెడల్పు చాలదు. మాయమ్మ నడుస్తాంటే పక్కన ఇంకొకరు చెయ్యి పట్టుకునేంత ఉండాల. ఇద్దరు నడిచేంత వేస్తేనే మేం సామాన్లు తీసేది."

చప్పట్లు మోగాయి. సిఫార్సు రాసేటప్పుడు ఇంజనీరు చేతిలో పెన్ను ఎక్కడా ఆగలేదు.

బయట ఆఫీసు మెట్ల మీద, నవనీత్ పక్కన దిగుతున్న గౌరిని నాగేశ్వరయ్య పిలిచాడు. చీర బేరం చేసేటప్పటి గొంతు పెట్టాడు. "పాపా, మాయమ్మను రోజూ నడిపించాల. మావానికి అంత ఓపిక లేదు."

"డ్యూటీ అయినాక వస్తా సార్. కానీ నా రైలు..."

"రైలెందుకు? ఈ ఊళ్ళోనే, మా ఇంట్లోనే ఉంటే సరిపోతాది గదా? మావాడు పొద్దున్నే లేచి ముగ్గు వేసినాడంటే, అది మున్సిపాలిటీ కోసమని నమ్మేంత అమాయకుడు గాదు నాగేశ్వరయ్య." ఇద్దరి ముఖాలూ ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు స్కూటర్ ఎక్కి పోయాడు.

గౌరి బుగ్గలు ఎరుపెక్కాయి. అయినా మాట మాత్రం తగ్గలేదు. "మీ నాయన అడిగినాడు. నువ్వడగలేదు."

"నువ్వంటే నాకు ప్రాణం గౌరీ. నన్ను చేసుకుంటావా?"

"నాకూ ఇష్టమే," అంది తల వంచుకుని. మరుక్షణమే తలెత్తింది. "కానీ మా నాయన నాగరాజు ఒట్టి రైతు మనిషి, కారులో దిగేవాళ్ళను నమ్మడు. ఆదివారం పెనుకొండకు రా, సైకిల్ తొక్కుకుంటా."

"పెనుకొండకా? సైకిల్ మీదనా?"

"రాలేవా?"

"వస్తా!" అన్నాడు. అన్నాక గాని దూరం గుర్తురాలేదు.

ఆదివారం చీకటితోనే బయల్దేరాడు. సోమందేపల్లి చేరేసరికి తొడలు మండిపోతున్నాయి, నాలుక పిడచకట్టింది. కొత్త చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఈ అవతారంతో పిల్లనడిగితే ఎవరిస్తారు అని ఏడుపొచ్చింది పాపం. ఊరు దాటే మలుపులో టీ అంగడి ముందు ఒక సైకిల్, దాని పక్కన చేతిలో నీళ్ళ సీసాతో గౌరి.

"నువ్వేంది ఈడ?" అన్నాడు రొప్పుతూ.

"అంత దూరం నిన్ను ఒక్కణ్ణే రానిస్తాననుకున్నావా? ఇంట్లో ఉన్న సైకిలెత్తుకొచ్చినా," అంది గౌరి. "మా నాయన నాటుకోడి తెప్పిస్తాండాడు. నీళ్ళు తాగి, పద."

"మేం కోడి తినం గదా గౌరీ!"

"అయితే ఇంకా తొందరగా తొక్కు, కోయకముందే చేరాల," అని ఆమె నవ్వుతూ సైకిలెక్కింది. నవనీత్ నీళ్ళు తాగి, ఒళ్ళు నొప్పులన్నీ మరిచిపోయి ఆమె పక్కన తొక్కడం మొదలుపెట్టాడు.