కామేశ్వరి గారి గేటు లైటు

"పొద్దున్న లేవగానే మీ కాలు ముందు ఎటు వెళ్తుందండీ?"

నాన్న అడిగిన ప్రశ్నకి యామినికి నవ్వొచ్చింది. నవ్వు బయటపడకుండా చేతిలోని స్టిక్కర్ల షీటు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కామేశ్వరి గారు మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించారు.

"వంటింటికేనండీ. కాదు కాదు, ముందు దేవుడి గదికి. ఒక దణ్ణం పెట్టుకుని, అప్పుడు వంటింటికి."

"ఆయ్. మరి దారిలో హాలు లైటు వేస్తారా?"

"వెయ్యనండీ. ఈయన హాల్లోనే పడుకుంటారు. కళ్ళల్లో వెలుగు పడితే కేకలేస్తారు."

రాజేంద్రప్రసాద్ గారు చదువుతున్న పేపరు దించారు. "నేనెప్పుడు కేకలేసేనే? గోపీకృష్ణ గారూ, మీ బోర్డులో నాకో బటన్ పెట్టండి. నొక్కగానే ఈవిడ మాట ఆగిపోవాలి."

"మాటతో పాటు కాఫీ కూడా ఆగిపోతుందండోయ్," అన్నారు కామేశ్వరి గారు.

ఈసారి అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వుతూనే గోడ మీద పెన్సిల్‌తో ఏదో గుర్తు పెట్టుకున్నాడు.

పలివెలలో కాలవ గట్టున ఉన్న ఇల్లది. యామిని నాన్న గోపీకృష్ణ చాలా ఏళ్ళు మస్కట్‌లో పెద్ద పెద్ద భవనాల్లో లైట్లు, స్విచ్చులు బిగించే పని చేశాడు. ఈ మధ్యనే తిరిగి వచ్చి కొత్తపేటలో చిన్న షాపు పెట్టుకున్నాడు. ఇక్కడ పనికి దొరికిన మొదటి ఇల్లు ఇదే. ఇది బాగుంటే ఇంకో నలుగురు పిలుస్తారు. బాగులేకపోతే? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగిపోయి, "అంతా అమ్మవారి దయ" అనేది.

దసరా సెలవులు కాబట్టి ఆరో తరగతి చదివే యామిని నాన్నకి సాయంగా వచ్చింది.

గోడలకి బిగిస్తున్నవి తెల్లటి పలకలు. ఒక్కొక్కటి అరచెయ్యంత ఉంటుంది. దాని మీద ఆరు బటన్లు. వాటిని సీన్ కంట్రోలర్లు అంటారు. మామూలు స్విచ్చు ఒక్క లైటుకే చెబుతుంది. ఈ బటన్ ఇల్లంతటికీ ఒకేసారి చెబుతుంది. ఈ లైటు వెలగాలి, ఆ లైటు సగమే వెలగాలి, ఈ ఫ్యాను ఆగాలి, ఆ ఫ్యాను తిరగాలి అని. ఆ ఏర్పాటు పేరే సీన్. ఏ బటన్‌కి ఏ సీనో నాన్న తన ట్యాబ్‌లో పెడతాడు.

పెట్టే ముందు మాత్రం ఇలా ఒకటే ప్రశ్నలు.

"ఇప్పుడు కళ్ళు మూసుకోండమ్మా," అన్నాడు నాన్న కామేశ్వరి గారితో. "చీకట్లో స్విచ్చు కోసం వెతుక్కుంటున్నట్టు గోడ మీద చెయ్యి వెయ్యండి."

ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి చాపారు. చెయ్యి ఎక్కడ ఆనిందో సరిగ్గా అక్కడ నాన్న గీత గీశాడు. రాజేంద్రప్రసాద్ గారి చెయ్యి ఇంకా పైన పడింది. నాన్న రెండు గీతల్నీ చూసి కింది గీత దగ్గరే పలక బిగించాడు.

"రాత్రి ముందు లేచేది ఆవిడే కదండీ," అన్నాడు.

యామిని నాన్న వైపు అలా చూస్తూ ఉండిపోయింది. గోడకి చిల్లు పెట్టడం ఎవరైనా చేస్తారు. చీకట్లో ఒక మనిషి చెయ్యి ఎక్కడికి వెళ్తుందో ఆలోచించడం నాన్నకి ఎవరు నేర్పారు?

"దేవుడి దగ్గర దీపానికి కూడా బటన్ పెట్టొచ్చు కదండీ?" అని అడిగింది కామేశ్వరి గారిని.

"దేవుడి గది లైటుకి పెట్టమ్మా. దీపం నేనే వెలిగించుకుంటాను. అది కూడా బటన్‌కి ఇచ్చేస్తే ఇంక నేనెందుకు?"

మధ్యాహ్నానికి పలకలన్నీ బిగించడం అయిపోయింది. ఒక చిన్న పరికరం తక్కువైంది. నాన్న బైకు తీశాడు.

"కొత్తపేట వెళ్ళొచ్చేస్తాను. ఈలోగా బటన్ల మీద పేర్ల స్టిక్కర్లు అంటించు. శుభరాత్రి బటన్ కూడా నువ్వే పెట్టు. పడుకునేటప్పుడు ఏవి ఆర్పాలో కామేశ్వరి గారిని ఒక్కొక్కటీ అడుగు. అనుమానం వస్తే ఆగు, నేనొచ్చేస్తాను."

ఒక బటన్ మొత్తం తనకే! యామినికి ఒక్కసారిగా పొడుగైపోయినట్టు అనిపించింది.

ట్యాబ్ పట్టుకుని కామేశ్వరి గారి వెనకాలే తిరిగింది. హాలు లైట్లు ఆర్పాలి. వంటింటి లైటు ఆర్పాలి. మేడ మెట్ల లైటు కొంచెంగా వెలుగుతూ ఉండాలి. ఫ్యాన్లు తిరగాలి. ఇంతలో నవరాత్రి పూజకి వేళయింది. కామేశ్వరి గారు మడి కట్టుకుని దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. ఇక పూజ అయ్యేదాకా ఆవిడని పలకరించకూడదు.

ట్యాబ్‌లో ఒక్క పేరు మిగిలింది. గేటు లైటు.

యామిని కిటికీలోంచి చూసింది. గేటు బయట చిన్న స్తంభానికి ఒక బల్బు. దాని ఎదురుగా కాలవ మీద సన్నటి కాలిబాట వంతెన. అక్కడ మనిషన్నవాడు లేడు.

పూజ అయ్యేదాకా ఆగాలా? ఒక్క లైటు కోసమా? రాత్రి అందరూ ఇంట్లో పడుకుంటే వీధిలో బల్బు దేనికి? కరెంటు వృథా చెయ్యకూడదని సైన్స్ టీచర్ ఎన్నిసార్లు చెప్పారు!

గేటు లైటు ఎదురుగా 'ఆఫ్' నొక్కేసింది.

నాన్న తిరిగొచ్చి, మిగిలిన పరికరం కూడా పెట్టి, బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. శుభరాత్రి నొక్కగానే హాలు, వంటిల్లు ఒకేసారి ఆరిపోయాయి. మెట్ల దగ్గర మాత్రం పసుపు వెలుగు నిలిచింది. రాజేంద్రప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు.

"ఈ బటన్ మా అమ్మాయే పెట్టిందండీ," అన్నాడు నాన్న. ఆ మాట యామిని ఇంటికి వెళ్ళేదాకా బైకు వెనక కూర్చుని నెమరేసుకుంటూనే ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. నాన్న మాట్లాడి పెట్టేసి చొక్కా వేసుకున్నాడు.

"ఏమైంది నాన్నగారూ?"

"కామేశ్వరి గారి గేటు లైటు రాత్రి ఆరిపోయిందట. తెల్లారగట్ల పాలు తీసుకెళ్ళే సాలమోను గారు చీకట్లో వంతెన మీంచి సైకిలుతో సహా కాలవలో పడ్డారట. బల్బు పోయిందేమో చూడమంటున్నారు."

"నేనూ వస్తానండీ," అంది యామిని.

గుమ్మం పక్కన పలక మీద గేటు లైటు బటన్ నాన్న నొక్కాడు. బల్బు టక్కున వెలిగింది.

"బల్బు బాగానే ఉంది. మరెందుకు ఆరింది?" నాన్న యామిని వైపు తిరిగాడు. "శుభరాత్రిలో పెట్టినవన్నీ ఆవిడని అడిగే పెట్టేవు కదమ్మా?"

"ఆయ్," అంది యామిని. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

నాన్న ఇంకేమీ అడగలేదు. ఆ మాట నమ్మి ట్యాబ్ తెరవనైనా లేదు. పలక ఊడదీసి వైర్లు ఒక్కొక్కటే చూడసాగాడు. చూసిందే మళ్ళీ చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది.

రాజేంద్రప్రసాద్ గారు నిన్నటిలా నవ్వడం లేదు. "మా అమ్మ ఉన్న రోజుల్నించీ ఆ గుమ్మంలో వెలుగు ఆరలేదండి. మీ పలకలొచ్చిన మొదటి రాత్రే ఆరింది. ఒక మనిషి పడ్డాడు. వద్దండి. అన్నీ తీసేసి మా పాత స్విచ్చులు మాకు పెట్టేయండి."

"తప్పు నాదేనండీ," అన్నాడు నాన్న తల దించుకుని. "ఏదో వైరు తప్పు కలిపుంటాను."

నాన్న వైర్లు తప్పు కలపడు. ఆ సంగతి ఆ ఇంట్లో యామినికి తప్ప ఎవరికీ తెలీదు.

"వైరు కాదండీ," అంది. "నేను. గేటు లైటు ఆర్పమని నేనే పెట్టేను. ఎవరినీ అడగలేదు. ఇందాక అడిగేనని అబద్ధం చెప్పేను."

నాన్న అరుస్తాడనుకుంది. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు ఆర్పేవమ్మా?"

"అక్కడ ఎవరూ లేరు కదండీ. రాత్రంతా ఊరికే వెలుగుతుందని..."

"ఊరికే కాదమ్మా," అన్నారు కామేశ్వరి గారు. "వీధి లైట్లు వంతెనకి అవతలే ఆగిపోయేయి. కరెంటు రాని రోజుల్లో మా అత్తగారు అక్కడ లాంతరు పెట్టేవారు. తరవాత బల్బు వచ్చింది. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, బయటికొచ్చి ఇది వెయ్యడం నాకు అలవాటైపోయింది. నేనూ మీకు చెప్పలేదు. రోజూ చేసే పని చెప్పాలని ఎక్కడ తోస్తుంది?"

నాన్న తల ఊపాడు. "నేనూ పగటిపూట లోపల నిలబడి చూసి సరిపెట్టేసేను. చీకటి పడ్డాక బయటికెళ్ళి చూడాల్సింది."

రాజేంద్రప్రసాద్ గారు కాసేపు కాలవ వైపు చూశారు. "సరే. ఈ ఒక్క పూటా చూస్తాను. మళ్ళీ ఆరిందంటే మాత్రం రేపు పాత స్విచ్చులే."

నాన్న ట్యాబ్ తీసి యామినికి ఇచ్చాడు. ఆమె దాన్ని అందుకుని బల్ల మీద పెట్టేసింది.

"ముందు సాలమోను గారి దగ్గరికి వెళ్దామండీ."

వంతెన దాటుతుంటే యామిని మొదటిసారి కిందకి చూసింది. కాలవ నిండుగా పారుతోంది. వంతెనకి ఒక పక్క రెయిలింగు విరిగిపోయి ఉంది. పగలే కాళ్ళు జాగ్రత్తగా వెయ్యాల్సి వచ్చింది.

సాలమోను చేతికి కట్టుతో పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సొట్టపడిన పాల క్యాను పక్కనే ఉంది.

"రండి రండి," అన్నాడు. "ఈ ఏడు నాగులచవితి ముందే వచ్చేసిందండీ. కాలవలో చేపలన్నిటికీ నేనే పాలు పోసేసేను."

యామిని నవ్వలేకపోయింది. "గేటు లైటు ఆర్పింది నేనేనండీ. తెలీక ఆర్పేను. అడగాల్సింది. అడగలేదు."

"ఓహో! అయితే తెల్లారగట్ల నన్ను తోసింది నువ్వన్నమాట!" అన్నాడు గానీ, ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "ఏడవకమ్మా. ఎముక విరగలేదు, బెణికింది. నొప్పి లేదని మాత్రం చెప్పను. ఉంది."

"ఆ వంతెన మీద ఇంకా ఎవరెవరు వస్తారండీ?"

సాలమోను వింతగా చూశాడు. ఆ మాట అతన్ని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు.

"చాలామందే. నా వెనకాలే పూల నాగదుర్గ. తొలి బస్సుకెళ్ళే కాలేజీ పిల్లలు. సాయంత్రం ట్యూషన్ నుంచి నీలాంటోళ్ళు. చెబితే నవ్వుతావు గానీ, అక్కడ లైటుందన్న సంగతే మాకెవరికీ గుర్తుండదమ్మా. ఇవాళే గుర్తొచ్చింది."

చెయ్యి నయమయ్యేదాకా పాలు తన బైకు మీద చేరుస్తానని నాన్న అన్నాడు. "క్యాను నేను పట్టుకుంటానండీ," అంది యామిని. సాలమోను వద్దన్నాడు. నాన్న వినలేదు.

తిరిగొచ్చాక యామిని ట్యాబ్ తెరిచింది. శుభరాత్రి సీన్ లోంచి గేటు లైటుని తీసేసింది. తరవాత మిగతా బటన్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఇంకెక్కడైనా దాన్ని ఆర్పమని ఉందేమో చూసింది. ప్రతి పేరూ కామేశ్వరి గారికి పైకి చదివి వినిపించింది. మధ్యలో ఆవిడ పూజకి లేచి వెళ్తే, తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చుంది.

"పగలు నొక్కి చూస్తే చాలదండీ. చీకటి పడనివ్వండి," అంది నాన్నతో.

సూర్యుడు కొబ్బరి తోటల వెనక్కి దిగిపోయాడు. కామేశ్వరి గారు దేవుడి దగ్గర దీపం వెలిగించారు. గేటు లైటు వేసి దానికో దణ్ణం పెట్టుకున్నారు. యామిని పరుగున వెళ్ళి వంతెన మొదట్లో నిలబడింది. రాజేంద్రప్రసాద్ గారు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"నొక్కండి నాన్నగారూ!"

హాలు కిటికీ ఆరిపోయింది. వంటిల్లు ఆరిపోయింది. మేడ మెట్ల దగ్గర సన్నటి పసుపు వెలుగు మిగిలింది. ఇల్లంతా నిద్రపోయినట్టయింది. గేటు దగ్గర బల్బు మాత్రం అలాగే ఉంది. దాని వెలుగు వంతెన మీదుగా, రెయిలింగు విరిగిన చోటు దాకా పరుచుకుని ఉంది.

రాజేంద్రప్రసాద్ గారు చేతులు విప్పారు. "ఉంచండి గోపీకృష్ణ గారూ మీ పలకలు," అన్నారు.

"విన్నావా అమ్మా? అయింది, వచ్చెయ్యి!" లోపల్నించి నాన్న కేకేశాడు. ఆ గొంతులో ఎంత తేలిక!

యామిని కదలలేదు. వంతెన అవతలి నుంచి ఒకావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. లైటు వైపు చూడనే లేదు. కాళ్ళ ముందు దారి చూసుకుంటూ నడుస్తోంది.

యామిని కిందకి చూసింది. వెలుగుకి అడ్డం నిలబడింది తనే. తన నీడ పొడుగ్గా వంతెన మీద పడి ఉంది.

గబుక్కున పక్కకి జరిగింది.

"ఒక్క నిమిషం నాన్నగారూ! ఒకావిడ వస్తున్నారు. దాటనివ్వండి."