మా నూతిలో కళ్ళులేని రొయ్యలు

“మీ నూతిలో పురుగులున్నాయండీ!” అంది ఆ అమ్మాయి, లాటరీ తగిలినంత సంతోషంగా.

నాకు ఒళ్ళు మండింది. “మా ఈదోళ్ళందరూ తాగే నీళ్ళు. పురుగులంటారేటి?”

“సారీ. రొయ్యలకి చుట్టాలు. చూడండి.”

గాజు గ్లాసులో బియ్యపు నూకంత తెల్లటి ప్రాణి ఈదుతోంది. దానికి కళ్ళు లేవు.

ఆమె పేరు ప్రణతి. బరంపురంలో రీసెర్చ్ చేస్తోంది. ఆ రొయ్యల కుటుంబం ఉండేది సముద్రం అడుగున గుహల్లోనట. సముద్రపొడ్డున ఆర్యపల్లి పక్కనున్న మా ఊరికి రాతి సందుల్లోంచి ఎలాగో వచ్చి చేరాయి. చుట్టుపక్కల ఇంకే నూతిలోనూ లేవు. ఆమె మూడేళ్ళ చదువు మా నూతిమీదే ఆధారపడింది.

ప్రతి గురువారం వల పట్టుకుని వచ్చేది. నేను నీటి మోటార్లు బాగుచేస్తాను. గురువారం మాత్రం ఎవరి మోటారు పాడైనా నాకు జాలి కలిగేది కాదు.

“కళ్ళు లేకండా ఒకదాన్నొకటి ఎలాగెతుక్కుంటాయండి?”

“మీసాలతో తడుముకుంటూ. వాటికేం తొందరలేదు, మీలాగే” అని నవ్వింది.

ఆ నవ్వుకే పడిపోయాను. ఆమెకి చెప్పే ధైర్యం లేక నాయనమ్మ కూర్మమ్మకి చెప్పేశాను, గురువారం భోజనానికి పిలుస్తానని కూడా.

మా ఇంటికి కొత్త చుట్టాలొస్తున్నారంటే ముందు నూతిలో బ్లీచింగ్ పడాలి. నేను ఖల్లికోటలో పనిమీదున్న రోజున ఎప్పుడూ చారెడేసే నాయనమ్మ రెండు డబ్బాలు గుమ్మరించింది.

గురువారం వల మూడుసార్లు దించినా ఖాళీగానే వచ్చింది. ప్రణతి నీళ్ళు వాసన చూసింది.

“ఎవరు వేశారు?”

పంచాయతీ వాళ్ళని చెప్పి తప్పించుకోవచ్చు. నాకు మనసొప్పలేదు.

“తప్పు నాదండి. మీరంటే ఇష్టమని నాయనమ్మకి సెప్పాను. రొయ్యల సంగతి సెప్పలేదు. మీకు మంచినీళ్ళివ్వాలని ఏసీసింది.”

“ఇష్టమైతే ముందు నాకు కదా చెప్పాలి?” అంది. కళ్ళనిండా నీళ్ళు. “అడుగు ఊటలో ఏవైనా మిగిలుంటే వస్తాయి. లేదంటే నా పని అయిపోయినట్టే.”

బ్లీచింగ్ పోవాలని మర్నాటినుంచి రోజూ మోటారు పెట్టి నీళ్ళు తోడించాను. ఆమె గురువారాలు మానలేదు. నాయనమ్మతోనే మాట్లాడేది. నావైపు చూసేది కూడా కాదు. నాకది న్యాయంగానే తోచింది, బాధగానూ ఉండేది.

“నన్ను తిట్టమ్మా, ఆడినొగ్గీ” అని నాయనమ్మ నన్ను వదిలెయ్యమని బతిమాలితే, వల తీసుకుని నూతివైపు నడిచేది.

ఆరో గురువారం వల గ్లాసులోకి వంచి, చాలాసేపు కదలకుండా చూసింది.

“హేమచంద్ర గారూ! ఒకటుంది!”

పరుగెత్తాను. నిజంగానే ఉంది, మీసాలు ఆడిస్తూ. మా ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. ఎవరూ వెనక్కి జరగలేదు.

“మీ ప్రొఫెసర్ గారికి ఫోన్ కొట్టండి, బేగి!”

“కొడతాను. ముందు మా అమ్మకి.”

“అమ్మకెందుకండి?”

ప్రణతి అప్పటికే ఫోన్ చెవిదగ్గర పెట్టుకుంది.

“ఆదివారం తనకీ నాకూ మీ ఇంట్లోనే భోజనమని చెప్పొద్దూ?”